102 ఎవరిది?

పిల్లలూ! మీరు బడిలో చేరిననాడు మీ పేరు అడ్మిషన్ రిజిస్టరులోకి ఎక్కింది. పేరుకు ముందు ఒక నంబరు వేశారు. ఆ నంబరు మీ బడిలో ఇంకెవరికీ ఉండదు. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, జూన్ నెల వస్తే ఆ పుస్తకాన్ని బల్ల మీద నుంచి కదలనిచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు అలాటి పుస్తకాలను కంప్యూటరే రాస్తున్నది. 1995లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ అనే ఏర్పాటు అందులో ఒకటి. వరస నంబరు మనం వేయనక్కరలేదు, అదే వేసుకుంటుంది. దీన్ని ఆటో ఇంక్రిమెంట్ అంటారు.

సరే, 100 నంబరు దాకా అయింది. ఇద్దరు గుమాస్తాలు చెరొక జాబితా తెచ్చారు. ఒక్కొక్క దానిలో 50 పేర్లు. ఇద్దరూ ఒకేసారి పుస్తకం చూస్తే ఇద్దరూ 101 అనే రాస్తారు గదా! అందుకని మొదటివాడు పుస్తకానికి తాళం వేసుకుంటాడు. తన జాబితా పూర్తి అయితేనే తాళం తీస్తాడు. అంతదాకా రెండోవాడు కాచుకోవాలి.

"ఒక్కొక్క నంబరు తీసుకుని వెంటనే తాళం తీసేస్తే పోదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. మొదటి జాబితాలోని రాముకు 101, రెండో జాబితాలోని గోపికి 102, మళ్లీ మొదటి జాబితాలోని జానకికి 103. ఏ నంబరూ ఇద్దరికి పడదు, ఎవరూ కాచుకోనక్కరలేదు.

కాని ఒక చిక్కున్నది. కంప్యూటరు చెడిపోతే పుస్తకం పోకుండా, వేరొక కంప్యూటరులో నకలు ఉంచుతారు. అసలు కంప్యూటరు తాను చేసిన పనులన్నీ చిట్టా రాస్తుంది, నకలు ఆ చిట్టా చదివి అలాగే చేస్తుంది. చిట్టాలో "ఈ జాబితా ఎక్కించు" అని ఉత్తరువు మాత్రమే ఉన్నదనుకోండి. నకలు మొదటి జాబితాను ఏకబిగిన ఎక్కిస్తుంది. రాముకు 101, జానకికి 102! గోపి వచ్చేసరికి అతని చోటులో జానకి కూర్చుని ఉన్నది. అసలు చెడిపోయి నకలును బయటికి తీసిననాడు, 102 పేర కట్టిన ఫీజు ఎవరిదవుతుంది?

అందుకే అంతకాలం జాబితా పూర్తి అయ్యేదాకా తాళం ఉంచారు. ఎన్ని పేర్లున్నవో ముందే తెలిస్తే, అన్ని నంబర్లూ ఒక్కసారే తీసుకుని తాళం వదిలేయవచ్చు. తెలియనప్పుడే బాధంతా.

తరువాత చిట్టా రాసే పద్ధతే మార్చారు. ఉత్తరువు కాక, "102, గోపి" అని వరుసనే రాస్తే నకలు లెక్క వేసుకోనక్కరలేదు, చూసి రాస్తే చాలు. 2015లో వచ్చిన 5.7లో ఇదే మామూలు పద్ధతి అయింది. ఇక ఆ పొడుగాటి తాళంతో పనేమిటి? 2018లో వచ్చిన 8.0లో, వేరుగా చెప్పకపోతే, అది పడదు.

అన్నట్టు, ఒక పిల్లవాడు చేరబోయి మధ్యలో మానుకుంటే, వాడికని తీసిన నంబరు వెనక్కు రాదు. ఈలోగా తరువాతి నంబర్లు ఇతరులకు వెళ్లిపోయి ఉంటవి. ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. మా రిజిస్టరులో అయితే ఇన్‌స్పెక్టరుగారు దాని మీదనే వేలు పెట్టి, "ఇదేదండీ, మాష్టారూ?" అనేవారు.