పెరుగులో మందున్నదా?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వైద్యంతో యేం పని అని పాఠకులు అడగవచ్చు. పనిపడింది మరి.

మా అక్కయ్య కొడుక్కి పదకొండేళ్ళప్పటి మాట. నెలల తరబడి రక్తవిరేచనాలు. అమీబా అని కొన్నాళ్ళు, జిగట అని కొన్నాళ్ళు మందులు మింగించారు. తోటిపిల్లలు యెదుగుతూంటే, వీడి చొక్కాలు వదులవుతూ వచ్చాయి. చివరకు పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసి, ‘అల్సరేటివ్ కొలైటిస్’ అని తేల్చారు.

మన ఒంటిని కాపాడవలసిన రక్షకదళమే పొరపాటున పేగుమీదికి తిరగబడితే వచ్చే జబ్బు యిది. పెద్దపేగులో పుండ్లు పడతాయి. దీని అన్నదమ్ముడి వంటిది ‘క్రోన్స్’. అది నోటినుంచి మలద్వారం దాకా యెక్కడైనా రావచ్చు. మనదేశంలో దాన్ని పేగుల క్షయ అని పొరబడటం కూడా కద్దు. పిల్లల్లో యీ జబ్బులు యెదుగుదలనే దెబ్బతీస్తాయి.

డాక్టరుగారు మెసలమీన్ మాత్రలు రాసి, నెమ్మదించినా మానకూడదన్నారు. నెమ్మదించింది. అప్పుడు మా అమ్మ, “పసివాడికి రోజూ ఆ మాత్రలెందుకురా? అన్నంలోకి కమ్మని పెరుగు వేస్తే చాలదూ?” అన్నది. నేను మరో అడుగు ముందుకు వేశాను. కోట్లకొద్దీ మేలుచేసే సూక్ష్మజీవులున్నాయని రాసివున్న ప్రోబయాటిక్ పొట్లాలు కొని తెచ్చి, మాత్రలు ఆపెయ్యమన్నాను. అక్కయ్య నమ్మింది. ఎమ్మే చదివిన తమ్ముడాయె!

నెల తిరక్కుండా మళ్ళీ రక్తం కనిపించింది. “మామయ్యా, మళ్ళీ ఆస్పత్రికేనా?” అని వాడడిగితే, నాకు నోట మాట రాలేదు.

డాక్టరుగారు కోప్పడలేదు. “మాస్టారూ, ఆ జీవులు చెడ్డవని నేననను. కాని యే జీవి, యెంత, యే జబ్బుకి అని అడగాలి గదా!” అన్నారు. అప్పుడు కూర్చుని చదివాను.

పెరుగుకు శాస్త్రంలో గౌరవం లేకపోలేదు. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో తమ దేశపు పెరుగులోని సూక్ష్మజీవిని కనిపెట్టాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న మెచ్నికోవ్, పెరుగు దీర్ఘాయువు నిస్తుందని వాదించాడు. 1917లో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు, తోటివారికి విరేచనాలు పట్టుకున్నా తాను చెక్కుచెదరని ఒక సైనికుడి మలంనుంచి మేలుచేసే జీవిని వేరుచేశాడు. పెద్దవాళ్ళలో కొలైటిస్ తిరగబెట్టకుండా చూడటంలో అది మెసలమీన్‌కు తీసిపోలేదని తరువాతి పరీక్షల్లో తేలింది.

మరి పిల్లల సంగతి? 2009లో ఇటలీవారు కొత్తగా కొలైటిస్ పడిన 29మంది పిల్లలమీద, యెనిమిది రకాల జీవులు కలిపిన పొడిని పరీక్షించారు. పొడి తీసుకున్న 14మందిలో 13మందికి నెమ్మదించింది. ఉత్తుత్తి పొడి తీసుకున్న 15మందిలో నలుగురికే. యెంత ఆశ పుడుతుందో చూడండి! కాని ఆ పిల్లలందరికీ అసలు మందులూ యిస్తూనే వున్నారు. నేను చూడని ముక్క అదే. పైగా 29మంది చాలా చిన్న లెక్క.

క్రోన్స్ సంగతి వేరు. 2005లో 75మంది పిల్లలకు మరో జీవిని యిచ్చి చూస్తే, ఉత్తుత్తి మందుకన్న మెరుగైన ఫలితమేమీ కనిపించలేదు. అందుకే 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం, యీ రెండు జబ్బుల్లోనూ పెద్దలకైనా పిల్లలకైనా ప్రోబయాటిక్‌లను పరిశోధనల్లో భాగంగా తప్ప వాడవద్దని సలహా యిచ్చింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో యీ జీవులే అరుదుగా రక్తంలోకి చేరి హాని చేయవచ్చు కూడా.

ఇంటి పెరుగు సంగతంటారా? పరీక్షల్లో వాడినవి పేరుపెట్టి, లెక్కపెట్టి యిచ్చిన జీవులు. మన కుండలో యేవి, యెన్ని వున్నాయో యెవరికెరుక? పడితే పిల్లవాడు పెరుగన్నం తినవచ్చు. దాన్ని మందనుకోకూడదు, అంతే.

మావాడు తిరిగి మాత్రలు మొదలుపెట్టి కోలుకున్నాడు. ఇప్పుడు వాడి చొక్కాలు బిగుతవుతున్నాయని అక్కయ్య విసుక్కుంటుంటే నాకెంత సంతోషమో!

పాలలో వేసే మజ్జిగచుక్కను మనం ‘తోడు’ అంటాం. మంచి మాట. పాలు పారబోసి తోడు మాత్రం గిన్నెలో వేసుకుంటే పెరుగు తోడుకుంటుందా? నేను చేసిన పని అదే. మీ యింట్లో యిలాటి పిల్లవాడుంటే, యే పొట్లం కొన్నా డాక్టరుకు చూపించండి. మాత్ర మాత్రం ఆపకండి.