బీరు హాలులో బైబిలు బడి

వేసవి సెలవులివ్వగానే మన చర్చిల్లో విబిఎస్ సందడి మొదలవుతుంది. కొత్త పాటలు, యాక్షన్లు, కంఠత వాక్యాలు, చివరి రోజు బహుమతులు. ఇంతకీ ఈ సెలవుల బడి మొదట ఎవరి పిల్లల కోసం పుట్టింది?

1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో వలస కార్మికుల కుటుంబాలు ఇరుకు గదుల్లో బతికేవి. బడులు మూస్తే ఆ పిల్లలకు వీధే దిక్కు. ఎపిఫనీ బాప్టిస్టు చర్చికి చెందిన హాస్ అనే సోదరి వారికోసం రోజూ బడి నడపాలనుకుంది. ఆమెకు అద్దెకు దొరికింది ఒక బీరు హాలు! పొద్దుటిపూట అక్కడ తాగేవాళ్లుండరు గనుక పాటలు, బైబిలు కథలు, ఆటలు, బొమ్మలు గీయడం అన్నీ అందులోనే సాగాయి. తర్వాత పాస్టరుగారి మాటమీద బడిని చర్చి భవనంలోకి మారిస్తే పిల్లలు బాగా తగ్గిపోయారట. ఆమె తిరిగి బీరు హాలుకే వెళ్లిందని చెబుతారు. నిగనిగలాడే గచ్చుమీద అడుగుపెట్టడానికి మురికి కాళ్లు ఎలా జంకుతాయో మనకు తెలియంది కాదు.

1901లో అదే నగరంలో రాబర్ట్ బోవిల్ ఈ పనిని అందిపుచ్చుకుని అయిదు బడులు తెరిచాడు. సెలవుల్లో పిల్లలు ఖాళీ, చర్చిలు ఖాళీ, కాలేజీ విద్యార్థులూ ఖాళీ. ఈ ముగ్గురినీ ఒకచోటికి చేర్చాలన్నదే ఆయన తలంపు.

మన దగ్గర ఖాళీ అయ్యేది మరొకటుంది, పిల్లల కంచం. 2003 నుంచి మన సర్కారు బడుల్లో మధ్యాహ్నం వండిన అన్నం పెడుతున్నారు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే, జూన్‌లో మళ్లీ తెరిచేదాకా సాధారణంగా ఆ అన్నం ఉండదు. కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఆ ఒక్క పూట విలువ ఎంతో చూడండి. అమ్మానాన్నలు తెల్లారకముందే కూలికి పోతే, పదేళ్ల పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని ఇల్లు కాస్తుంది.

ఆ పిల్ల మన విబిఎస్‌కు వస్తుందా? పుస్తకానికీ టీషర్టుకూ కలిపి ఫీజు కొంచెమేగా అంటాం. ఆ కొంచెమే ఆమెను గేటు బయట నిలబెడుతుంది. చిన్నపిల్లల్ని అడ్డగించిన శిష్యులమీద ప్రభువు కోపపడ్డాడని మార్కు రాశాడు. వాళ్లు ఫీజు కూడా అడగలేదు!

అన్నం పెడతామంటే మతం మార్చడానికే అని వేలెత్తి చూపేవారుంటారు. అందుకని వెనకాడనక్కర్లేదు గానీ దాపరికమూ వద్దు. ఇక్కడ బైబిలు కథలు చెబుతామని తల్లిదండ్రులకు ముందే చెప్పి, వారు సరేనంటేనే కూర్చోబెట్టాలి. వద్దన్నవారి పిల్లలకూ అన్నం మాత్రం అడగకుండా వడ్డించాలి. వాక్యం వినలేదని ముద్ద ఆపితే అది పరిచర్య కాదు, బేరం.

ఈ వేసవిలో సంఘపెద్దలు ఓ పని చేయండి. చర్చి ఆవరణలోనే అని పట్టుబట్టకుండా వాడలోని కమ్యూనిటీ హాలో, వేపచెట్టు నీడో చూడండి. బిస్కెట్లతో సరిపెట్టకుండా అన్నం, పప్పు, వీలైతే గుడ్డు వండించండి. ఎండ ముదరకముందే పిల్లల్ని ఇళ్లకు పంపండి. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొచ్చిన పిల్లను, వాడికి వయసు చాలదని వెనక్కి పంపకండి. వాడికీ పక్కనే ఓ చాప పరవండి.