పాదాలు నిద్రపోనివ్వని రాత్రులు

ఇల్లంతా నిద్రపోయాక మా అన్నయ్య పాదాలు మేలుకొంటాయి. నిప్పులు తొక్కినట్టు మంట, సూదులు గుచ్చినట్టు పోటు. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేరు. “కాస్త చక్కెరే కదా” అంటూ పన్నెండేళ్లు మధుమేహాన్ని ఉపేక్షించిన ఫలితమిది.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి హెచ్చుగా ఉంటే నరాలూ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి. పాదాలకు పోయే నరాలే అన్నిటికంటె పొడవైనవి కనుక బాధ తొలుత కాలివేళ్లలో తలయెత్తుతుంది.

మామూలు నొప్పిమాత్రలు దీనికి అంతగా పనిచేయవు. వైద్యుడు అమిట్రిప్టిలిన్ వ్రాశారు. అది మనోవ్యాకులతకు ఇచ్చే మందని ఎవరో చెప్పగా అన్నయ్య మండిపడ్డారు: “నాకు పిచ్చనుకున్నారా?” నిజానికి నరాల నొప్పి సంకేతాలను అణచే గుణం కూడా దానికుంది. డ్యూలోక్సెటిన్, ప్రీగాబాలిన్ అనేవి మరి రెండు. 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన బ్రిటిష్ పరిశోధనలో మూడూ ఇంచుమించు సమానంగానే పనిచేశాయి. ఒకటి చాలనివారికి రెండవది జోడిస్తే మరికొంత ఉపశమనం లభించింది. మగత కలిగించే మందులు కనుక తక్కువ మోతాదుతోనే ఆరంభిస్తారు.

మిరపకాయ ఘాటుకు మూలమైన కాప్సైసిన్‌తో చేసిన పట్టీకి అమెరికాలో 2020లో అనుమతి లభించింది. మిరప మంటకు మందంటే గుంటూరువారు నమ్ముతారా!

మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడినవారిలో బి12 విటమిన్ తగ్గి ఇటువంటి తిమ్మిరులే రావచ్చు. రక్తపరీక్షలో అది తెలిసిపోతుంది. చక్కెరను అదుపు చేయవలసిందే, కాని వైద్యుని సలహాతో క్రమంగా. హఠాత్తుగా దించితే ఒక్కొక్కప్పుడు నొప్పి హెచ్చుతుంది.

మంట చల్లారితే మాత్రం సంతోషించడానికి తొందరపడరాదు. స్పర్శే నశించి ఉండవచ్చు. ఇప్పుడు వదినగారు ప్రతి రాత్రీ దీపం దగ్గర అన్నయ్య అరికాళ్లు పరిశీలిస్తారు. గత మాసం మడమలో గాజుపెంకు కనిపించింది. అది ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియనే తెలియదు.