తల్లి కంచంలోనే బిడ్డ బువ్వ

తెలంగాణలోని పరకాల చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణి, బాలింత, నాలుగేళ్ల పిల్లవాడు ఒకే కప్పు కింద కూర్చుని తినే చోటు అంగన్‌వాడీ కేంద్రం. పేదింటి తల్లినీ బిడ్డనూ కలిపి చూసుకునే ఈ ఏర్పాటు 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంగా దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం ఇక్కడి భోజనాన్ని హక్కుగా మార్చింది.

బిడ్డకు పెడితే చాలదా, తల్లికెందుకు? బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికి తల్లి రక్తహీనత ఒక ముఖ్య కారణం. కడుపులో పడ్డప్పటి నుంచి రెండో ఏడు నిండేదాకా, అంటే సుమారు వెయ్యి రోజుల్లో ఏర్పడిన లోటును ఆ తర్వాత ఎంత తినిపించినా పూడ్చడం కష్టం.

సరుకులు ఇంటికి పంపితే అవి అందరి గిన్నెలోకీ పోతాయి. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలి కంచంలోకి గుడ్డు రావడం అరుదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృత హస్తం, తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి వచ్చాయి. వీటిలో తల్లి కేంద్రానికే వచ్చి తింటుంది: అన్నం, పప్పు, ఆకుకూర లేదా సాంబారు, ఉడకబెట్టిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. తిన్నాక టీచరు కళ్లెదుటే ఐరన్ మాత్ర వేసుకోవాలి. ప్రసవమయ్యాక ఆరు నెలల దాకా ఈ భోజనం ఉంటుంది. ఆ ఒక్క పూట ఆమె తనకోసమే తింటుంది. ఈ పథకంలోని అసలు తెలివి అదే. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికిస్తారు. మూడేళ్లు దాటిన పిల్లలకు కేంద్రంలోనే భోజనం, ఆటపాటలు.

ఆరు నెలలు నిండిన బిడ్డ జబ్బకు టీచరు ఒక రంగుల టేపు చుడుతుంది. కొలత 12.5 సెంటీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువుంటే పచ్చ. అంతకు తగ్గితే పసుపు. 11.5 కన్నా తగ్గితే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. దానికి జబ్బు కూడా తోడైతే పెద్దాసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. అక్కడ తల్లి కూడా బిడ్డ పక్కనే ఉంటుంది, వండి తినిపించే పద్ధతి నేర్చుకుంటుంది. పోయిన కూలికి బదులుగా ఆమెకు కొంత డబ్బిస్తారు. ఆ డబ్బు లేకపోతే చాలామంది తల్లులు రెండో రోజే ఇంటిదారి పడతారు.

2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ కూడా తల్లీబిడ్డలను కలిపే చూసింది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేల రూపాయలు ఇచ్చేవారు. గర్భిణి పరీక్షలకు కొంత, కాన్పుకు కొంత, బిడ్డ టీకాలకు మిగిలింది, విడతలుగా.

పరకాల ప్రాంతంలో చిక్కంతా పత్తి ఏరే కాలంలో వస్తుంది. పత్తి కూలి కిలోల లెక్కన ఉంటుంది. పొద్దున్నే సద్ది కట్టుకుని ఆటోలో పోయిన బాలింత మధ్యాహ్నం కేంద్రానికి రావాలంటే సగం కూలి వదులుకోవాలి. పాలు తాగే బిడ్డను చేనుగట్టున చీరె ఉయ్యాలలో వేయక తప్పదు. పనికిపోయే తల్లుల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే శిశుసంరక్షణ గది నడపవచ్చు. పత్తి పండే మండలాలకు ముందుగా కావలసింది ఆ గదే. పొద్దున ఆటో కదిలే వేళకే దాని తలుపు తెరిచి ఉండాలి.