కుదుపు లేని సారథ్యము

మన యిండ్లలో నేడు మోటారుబండి నడుపుటకు లైసెన్సు సంపాదించిన స్త్రీలు చాలమంది గలరు. బండి నడుపువారు మాత్రము అంతమంది కానరారు. కారణము విచారింపగా నాకొక్కటియే తోచుచున్నది. కొత్తగా నేర్చిన యువతి చేతిలో బండి మొదటినాడు రెండుమార్లు ఉలికిపడి మూడవమారు నిలిచిపోవును. వెనుక కూర్చున్న పెద్దలు "చాలునమ్మా, ఇక తమ్మునికిమ్ము" అందురు. తమ్ముడును నేర్చుకొన్ననాడు అట్లే కుదిపినవాడే. అతనిని మాత్రమెవ్వరును దింపలేదు. ఆ కుదుపే లైసెన్సును బీరువాలోని పట్టుచీరల క్రిందికి చేర్చుచున్నది. కావున ఆ కుదుపు ఎచ్చటనుండి పుట్టుచున్నదో, దానిని మాన్పుటెట్లో కొంత వివరముగా వ్రాయదలచితిని.

గేరులు తమంతట తామే మారు బండ్లు వచ్చుచుండగా ఈ శ్రమ యెందులకని సోదరీమణులు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరు తీరమున జరిగిన ఫార్ములా-ఈ పందెములో పరుగెత్తిన విద్యుద్రథములకు మార్చవలసిన గేరులే లేవు. కాని మన పల్లెలలో మేనమామ యింటి వాకిట నిలిచియుండు బండియు, అర్ధరాత్రివేళ ఆస్పత్రికి పోవలసివచ్చినప్పుడు చేతికందు బండియు నెక్కువపాళ్లు గేరురాడ్డు గలదియే. ఇంగ్లండు వెళ్లు ఆడపిల్లలు మరియొకటి గమనింపవలెను. అచ్చట గేరులు తామై మారు బండిపై పరీక్ష నెగ్గినవారికి గేరుబండి నడుపు హక్కు రాదు. గేరుబండిపై నెగ్గినవారికి రెండింటిని నడుపు హక్కు కలుగును.

మా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నది. అచ్చటనే చిన్న కారుపై నేర్చి లైసెన్సు పొందినది గాని, పిదప చక్రము ముట్టినది లేదు. గడచిన వేసవిలో ఆమెయు నామె యన్నయు కలిసి పాత స్పోర్ట్సుకారు నొకదానిని కొని పట్టిసీమకు తెచ్చిరి. అది 1990వ దశకము చివర గోవాలో నిర్మాణము మొదలైన శాన్ స్టార్మ్ అను బండి. రెనో ఇంజను, ఫైబరు దేహము, ఇద్దరికే చోటు. ఊరివారందరు దానిని బొమ్మకారనిరి. అన్న ప్రక్కన కూర్చుండగా చెల్లెలు దానిని కదలించినప్పుడు బండి కప్పవలె రెండు గంతులు వేసి ఆగినది. అరుగుపైనున్న మా యన్నగారు పైన నేను వ్రాసిన మాటనే యనిరి. పిల్ల కన్నుల నీరు పెట్టుకొనక, "వారము దినములు గడువిమ్ము నాన్నా" అని మాత్రమడిగినది. ఆ వారములో ఆమెతో కూడ నేనును ఈ యంత్రపు మర్మమును తెలిసికొంటిని.

స్పోర్ట్సుకారనగా వేగమునకే పుట్టినదని తలంతురు. దాని యసలు లక్షణము వేగము కాదు. చేసిన పనికి తోడనే బదులు పలుకుట. బరువైన కుటుంబపు కారులో కాలి తప్పు, చేతి తప్పు ఆ బరువులో కలిసిపోవును. తేలికబండి ప్రతి తప్పును నడుపువారి వీపునకు చెప్పును. అందుచే దీనిపై కుదురుకొన్న కాలు ఏ బండిపైననూ కుదురును.

మొదట కూర్చుండు తీరు. పొట్టివారమైన మనలో చాలమందికి క్లచ్చు పూర్తిగా అడుగంట నొక్కబడదు. సగము నొక్కి గేరు వేసినచో లోపల పండ్లు రాచుకొని గుర్రుమనును. "ఆడవారి చేతిలో గేరు పడదు" అను నింద యిచ్చటనే పుట్టినది. క్లచ్చును చివరివరకు నొక్కినప్పుడు మోకాలు కొంచెము వంగియే యుండునట్లు కుర్చీని ముందునకు జరుపుకొనవలెను, చాలనిచో వీపునకు దిండు పెట్టుకొనవలెను. చక్రమునకును రొమ్మునకును జానెడు దూరమునకు తక్కువ కారాదు. చీర కట్టుకొన్నవారు కుచ్చిళ్లను కాలి క్రిందికి రాకుండ ఎడమప్రక్కకు మడచి తొడ క్రింద నొత్తిపెట్టుకొనుట మేలు. క్లచ్చు క్రింద కుచ్చిళ్లు చిక్కుకొనుట హాస్యమునకు పనికివచ్చు సంగతి కాదు. ఎత్తుమడమల చెప్పులు విడిచి పలుచని యడుగు గలవి తొడుగవలెను.

ఇక కుదుపు పుట్టుచోటు. ఇంజను ఊరక నిలిచియున్నప్పుడు సైతము నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగుచుండును. నిలిచిన బండి చక్రమునకు చుట్లు సున్న. ఈ రెండింటిని హఠాత్తుగా జోడించినచో బండి దూకవలెను, లేదా ఇంజను చావవలెను. వీనికి సంధి కుదుర్చునదే క్లచ్చు. ఇంజను చివర ఫ్లైవీలు అను బరువైన ఇనుపచక్రముండును. దానికెదురుగా, గేరుపెట్టెలోనికి పోవు ఇరుసుపై గరుకైన బిళ్ల యొకటి. ఆ బిళ్లను చక్రమునకు అదిమిపట్టు స్ప్రింగు వెనుక నుండును. కాలితో నొక్కినచో అదుము సడలి బిళ్ల విడివడును. కాలు తీసినకొలది బిళ్ల మొదట జారుచు, పిదప అంటుకొని, చక్రముతో సమముగా తిరుగును. వ్యాకరణమున రెండచ్చులు కలియునప్పుడు ఒకటి లోపించుట గలదు. ఇచ్చట ఏదియు లోపింపకుండ రెండును కలియవలెను. ఆ జారు కాలమునే మనము ఓపికతో గడుపవలెను.

సాయంకాలము బడి విడిచిన పిదప ఊరి పాఠశాల ఆటస్థలమున మా మేనకోడలు చేసిన సాధన ఇది. యాక్సిలరేటరును ముట్టదు. మొదటి గేరు వేసి, మడమను నేలకానించి, పాదము ముందుభాగముతో క్లచ్చును కాగితము మందము చొప్పున వదలును. ఒకచోట ఇంజను ధ్వని బరువెక్కి, బండి దేహమున సన్నని వణకు పుట్టును. డ్రైవర్లు దీనిని "పట్టు" అందురు. అచ్చట కాలు నిలుపగా బండి తనంతట నడక మొదలిడును. నేర్చువారందరు బండి కదలినది గదా యని ఆ క్షణముననే కాలు తీసివేయుదురు. కుదుపంతయు నందులోనిదే! కదలిన పిదప ఒకటి, రెండు, మూడు అని లెక్కించు కాలము కాలు అచ్చటనే యుండవలెను. పూటకు ఇరువది ముప్పదిమార్లు ఈ పని చేయగా మూడవనాటికి పట్టు ఎచ్చటనున్నదో కాలికి తెలిసినది, కంటితోను మనస్సుతోను పని లేకపోయినది. దోసె తిరుగవేయు సమయము చేతికి తెలిసినట్లే యిదియు. తరువాతనే యాక్సిలరేటరు.

ఒక గేరునుండి మరియొక గేరునకు పోవునప్పుడు లెక్క వేరు. బండి వేగము మారదు గాని గేరు మారినందున ఇంజను చుట్లు మారవలెను. ఉదాహరణకు రెండవ గేరున ఇంజను 2.1 చుట్లు తిరిగిన ఇరుసు ఒక చుట్టు తిరుగుననుకొందము, మూడవ గేరున 1.4 చాలును. అప్పుడు రెండవ గేరున 3000 చుట్లతో పోవు బండిని మూడవ గేరునకు మార్చినచో ఇంజను 2000 చుట్లకు దిగవలెను. క్లచ్చు నొక్కి, యాక్సిలరేటరు వదలి, గేరు వేయులోపల చుట్లు వానియంతట నవియే దిగును. సరిగా 2000 వద్ద కాలు తీసినచో మార్పు జరిగినట్లే తెలియదు. స్పోర్ట్సుకార్లలో ఫ్లైవీలు తేలికైనదైనచో చుట్లు త్వరగా దిగిపోవును గనుక చేయి జాప్యము చేయరాదు. అయినను తొందరతో రాడ్డును కుమ్మరాదు. నడుమ న్యూట్రలువద్ద అరక్షణమాగి, రెండు వ్రేళ్ల బలముతో తోయవలెను.

మూడవ గేరునుండి రెండవదానికి దిగునప్పుడు ఇదే లెక్క తిరుగబడును. 2000 చుట్ల ఇంజను 3000 కావలెను. తనంతట నది పెరుగదు. అట్లే క్లచ్చు వదలినచో చక్రములు ఇంజనును ఈడ్చి లేపవలసివచ్చి, అందరి తలలును ముందునకు వ్రాలును. క్లచ్చు నొక్కియుండగనే యాక్సిలరేటరును చిటికె వేసినంత సేపు నొక్కి ఇంజనును లేపి, అప్పుడు క్లచ్చు వదలవలెను. "గేరుపెట్టెలో సింక్రోమెషు ఉన్నది గదా, అది చూచుకొనదా" అని కొందరందురు. 1928లో కాడిలాక్ కార్లతో మొదలైన ఆ యేర్పాటు లోపలి గేరులను మాత్రమే సమవేగమునకు తెచ్చును. అంతకుముందు ప్రతి గేరునకు క్లచ్చును రెండుమార్లు నొక్కవలసియుండెను. ఇంజనును బిళ్లతో సమము చేయుట నేటికిని నడుపువారి పనియే.

ఈ చుట్లను గడియారమువంటి ముల్లు చూచి తెలిసికొనవచ్చును గాని, దారినుండి కన్ను తీయుట క్షేమము కాదు. చెవియే తగిన సాధనము. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు తెలిగించిన అరణ్యపర్వములో నలోపాఖ్యానము గలదు. బాహుకుడను పేర మారురూపముననున్న నలుడు ఋతుపర్ణుని రథమును నడుపగా, రాజు ఉత్తరీయము జారిపడినదని చెప్పులోపల అది యోజనము వెనుకబడినదట. అందరును ఈ వేగమునే మెచ్చుకొందురు. నాకు మాత్రము కుండిన నగరమున దమయంతి చేసిన పని యంతకంటె మెచ్చదగినదిగా తోచును. రూపము చూడకమున్నే, రథధ్వని విని యిది నలుని సారథ్యమేయని యామె యనుమానించినది. శ్రీనాథుని శృంగారనైషధములో ఈ ఘట్టము లేదు. ఆ కథ యింతదూరము రాదు. రథధ్వనిని పోల్చగల చెవి మన ఆడవారికి కొత్తది కాదు. పప్పు ఉడికినదో లేదో మూత తీయక శబ్దమును బట్టియే చెప్పగల మనకు 2000 చుట్లకును 3000 చుట్లకును గల భేదము తెలియకుండునా?

ఆటస్థలమున కుదిరిన పిదప ఏటిగట్టు. పట్టిసీమలో దేవకూటముపై వెలసిన వీరేశ్వరస్వామిని సేవింప పడవ యెక్కు రేవునుండి గట్టుమీదికి వచ్చు ఏటవాలే ఎత్తున బండి కదలించుటకు మంచి పరీక్ష. వెనుకకు జారినచో గోదావరి! హ్యాండుబ్రేకు లాగి, మొదటి గేరు వేసి, యాక్సిలరేటరును కొంచెము నొక్కి, క్లచ్చును పట్టువరకు తేవలెను. బండి ముందునకు పోవలెనని హ్యాండుబ్రేకుపై గుంజులాడుచున్నట్లు తెలియును. అప్పుడు హ్యాండుబ్రేకు దింపినచో అంగుళమైన వెనుకకు రాదు. దిగునప్పుడు న్యూట్రలులో దొర్లనీయక, ఏ గేరున నెక్కుదుమో ఆ గేరుననే దిగవలెను. ఇంజనే బండిని పట్టియుంచును. మారేడుమిల్లి ఘాటువంటి కొండదారులలో ఈ నియమము ప్రాణరక్షకము. అచ్చట బ్రేకులనే నమ్మి దిగినచో అవి కాగి, పట్టు తప్పును.

నిలుపుటలోనొక చిన్న మెళకువ గలదు. బండి పూర్తిగా నిలుచుటకు అరక్షణము ముందు బ్రేకుపై ఒత్తిడిని కొంచెము సడలింపవలెను. లేనిచో చివర తల ఊగును. స్కాట్లండు దేశస్థుడు జాకీ స్టూఅర్ట్ 1969, 1971, 1973 సంవత్సరములలో ఫార్ములా-1 ప్రపంచవిజేత. మృదువుగా నడుపువాడే వేగముగా పోగలడని బోధించుచు వచ్చినవాడు. మేము గిన్నెలో సగము నీరు పోసి ప్రక్కసీటు క్రింద నుంచితిమి. ఆరవనాడు చాప తడవలేదు.

ఇవి మగవారి విద్యలనువారికి చరిత్రను చూపవచ్చును. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకయే ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఆయన నిర్మించిన బండిపై మాన్‌హైమునుండి ఫోర్ట్‌సైమునకు నూరు కిలోమీటరులకు పైగా పోయినది. ఎత్తులలో పిల్లలు బండిని నెట్టవలసివచ్చినది; కొండలెక్కుటకు మరియొక గేరు కావలెనని మరలివచ్చి భర్తకు చెప్పినదియు నామెయే యందురు. ఫ్రాన్సుదేశపు మిషెల్ మూటన్ 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీని గెలిచి, ప్రపంచ ర్యాలీ పోటీ నొకదానిని గెలిచిన తొలి మహిళ యయ్యెను. ప్రక్కన కూర్చుండి దారి చెప్పిన ఫాబ్రిజియా పోన్స్ కూడ స్త్రీయే. మరుసటియేట మూటన్ ప్రపంచ పరంపరలో రెండవస్థానమున నిలిచినది.

ఎనిమిదవనాడు మా తల్లిగారిని రాజమహేంద్రవరమున కంటివైద్యునికి చూపవలసియుండెను. ఆమెకు డెబ్బదియాఱేండ్లు, కంటిపొరకు శస్త్రచికిత్స జరిగి కొలది దినములే యైనది. అద్దెబండి కుదరలేదు. మా యన్నగారు కొంతసేపు వాకిట పచారులు చేసి, "మెల్లగా పొమ్ము" అనిరి. బండిలో ఇద్దరికే చోటు గనుక నేను పోవుటకు వీలు లేకపోయినది. అంత క్రిందుగా నున్న కుర్చీలో ఆమెను కూర్చుండబెట్టుట మాత్రము మిక్కిలి కష్టమైనది. మోకాళ్ల నొప్పులవారికి స్పోర్ట్సుకారు తగదని నిష్కర్షగా చెప్పగలను. గూటాల, తాళ్లపూడి, కొవ్వూరు మీదుగా, 1974లో తెరచిన రోడ్డు-రైలు వంతెన దాటి పోయి, మధ్యాహ్నమునకు మరలివచ్చిరి. దారి యెట్లున్నదని మా తల్లిగారినడుగగా, గూటాల దాటిన పిదప తనకు తెలియదనియు, వంతెనమీది అతుకుల చప్పుడునకు మెలకువ వచ్చినదనియు చెప్పిరి. మా యన్నగారు విని, ఏమియు ననక, బండి తాళపుచెవిని గూటినుండి తీసి కుమార్తె చేతికే యిచ్చిరి.

బండి నడుపు సోదరీమణులకు ఇంకొక సంగతి. పని లేనప్పుడు ఎడమపాదమును క్లచ్చుపై నానించియుంచరాదు, బేరింగు అరుగును. చేతిని గేరురాడ్డుపై వ్రేలాడనిచ్చినచో లోపలి భాగములు అరుగును. మహాశివరాత్రినాడు పట్టిసీమకు వచ్చువారు దీనిని మఱియు గుర్తుంచుకొనవలెను. జనసమ్మర్దమున గట్టుపై బండ్లు అడుగడుగున ఆగుచుండగా, క్లచ్చును సగము పట్టుపై నిలిపి బండిని ప్రాకించినచో బిళ్ల కాగి మాడు వాసన వచ్చును. ఆ వాసన తగిలినచో బండిని ఊరిబయటనే ప్రక్కకు తీసి, న్యూట్రలున నిలిపి చల్లారనిచ్చి, రేవువరకు నడచిపోవుట మంచిది.