అప్లికేషన్ వైట్‌లిస్టింగ్

అప్లికేషన్ వైట్‌లిస్టింగ్ (అనుమతి జాబితా పద్ధతి) అనగా ముందుగా పరిశీలించి ఆమోదించిన సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే కంప్యూటరులో నడవనిచ్చే భద్రతా పద్ధతి. దీనిని కార్యాలయాలలోను, బ్యాంకులలోను, ఏటీఎంలలోను వాడతారు. యాంటీవైరస్ ప్రధానంగా హానికరమని గుర్తించిన ప్రోగ్రాములను ఆపుతుంది. ఈ పద్ధతిలో జాబితాలో లేని ప్రోగ్రాము మంచిదైనా సరే నడవదు. అందువలన ఇంతవరకు ఎవరూ గుర్తించని కొత్త వైరస్‌ను కూడా ఇది ఆపగలదు.

పనిచేసే విధానం

ప్రోగ్రామును గుర్తించడానికి ముఖ్యంగా మూడు ఆధారాలు ఉన్నాయి.
* ఫైలు ఉన్న చోటు: ఇది సులువైనది. కానీ ఆ ఫోల్డరులో ఫైళ్ళు చేర్చే హక్కు సాధారణ వాడుకరికి ఉంటే రక్షణ ఉండదు.
* డిజిటల్ సంతకం: తయారీ సంస్థ సంతకాన్ని సరిచూస్తారు. కొత్త వెర్షను వచ్చినా సాధారణంగా నియమం మార్చనక్కరలేదు.
* హ్యాష్: ఫైలులోని సమాచారం నుండి లెక్కగట్టిన సంఖ్య. ఫైలు కొద్దిగా మారినా ఈ సంఖ్య మారుతుంది. ఇది చాలా కచ్చితమైనది, కానీ ప్రతి అప్‌డేటుకు జాబితాను సవరించాలి.

విండోస్ 7 (2009) నుండి మైక్రోసాఫ్ట్ ఇందుకొరకు యాప్‌లాకర్ అనే సదుపాయాన్ని ఇస్తున్నది.

ఉదాహరణలు

2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా సోకింది. అది ఫైళ్ళను తెరవడానికి వీలులేకుండా మార్చి డబ్బు అడిగేది. అది విండోస్‌లోని ఒక లోపం ద్వారా ప్రవేశించి, ఆ పై తన ప్రోగ్రామును నడుపుతుంది. అనుమతి జాబితా ఈ రెండవ మెట్టును అడ్డగించగలదు. మొదటి మెట్టుకు మాత్రం అదే ఏడాది మార్చిలో విడుదలైన సవరణను స్థాపించుకోవాలి.

భారతీయ రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో, ఏటీఎంలలో 2019 మార్చి నాటికి వైట్‌లిస్టింగ్ అమలు చేయాలని దేశంలోని బ్యాంకులను ఆదేశించింది. ఏటీఎంలో నడిచే ప్రోగ్రాములు కొద్ది, అవి మారేది అరుదు. కనుక ఈ పద్ధతి అక్కడ బాగా కుదురుతుంది.

పరిమితులు

కార్యాలయాలలో జాబితా తయారీ కష్టం. ఉదాహరణకు, తెలుగు టైపింగు కొరకు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి ప్రోగ్రామును జాబితాలో చేర్చడం మరచిపోతే, దానిపై ఆధారపడిన ఉద్యోగి పని నిలిచిపోతుంది. అటువంటి ఇబ్బందులు పెరిగితే సిబ్బంది నియమాన్నే తొలగించమంటారు. అందువలన మొదట కొన్నాళ్ళు ఏదీ ఆపకుండా, నడిచే ప్రోగ్రాములను నమోదు మాత్రమే చేసి, తరువాత నియమాన్ని అమలు చేయడం మంచిది. కొత్త ప్రోగ్రాము అవసరమైనపుడు ఎవరిని అడగాలో కూడా సిబ్బందికి తెలియాలి.

ఆమోదించిన ప్రోగ్రాములనే దుర్వినియోగం చేసే దాడులను, ఉదాహరణకు వర్డ్ ఫైళ్ళలోని మాక్రోలను, ఈ జాబితా ఒక్కటే ఆపలేదు.