కొత్త కంప్యూటర్: ప్రతి భాగానికీ ఒక జవాబు

పటమట నుంచి ఆటోనగర్ వైపు వెళ్ళేవారికి లారీలకు బాడీ కట్టే షెడ్లు కొత్త కావు. కొత్త లారీ అక్కడికి ఒట్టి చాసిస్‌గా వస్తుంది. ఇసుక తోలే బండికి ఒక తీరు, ధాన్యం బస్తాలు మోసే బండికి మరొక తీరు, చేపల పెట్టెలు తరలించే బండికి ఇంకొక తీరు బాడీ కడతారు. యజమాని ముందుగా చెప్పవలసింది ఒక్కటే: ఈ బండి ఏ సరుకు మోయాలి? ఆ జవాబును బట్టే చెక్క, ఇనుము, ఎత్తు, వెడల్పు నిర్ణయమవుతాయి.

విడిభాగాలు ఎంచుకొని కంప్యూటర్ కట్టించుకోవడం కూడా ఇటువంటి పనే. అంగడిలో సిద్ధంగా దొరికే యంత్రానికి ధర ఒక్కటే ఉంటుంది. దాన్ని చెల్లించి తెచ్చుకుంటాం. కట్టించుకునే యంత్రంలో అలా కుదరదు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఎందుకు, క్యాబినెట్ ఎలాంటిది అని ప్రతి మెట్టులోనూ మనమే తేల్చుకోవాలి. రూపాయి ఎక్కడికి వెళుతున్నదో కళ్ళ ముందే కనిపిస్తుంది. ఖర్చుకు లెక్క చెప్పవలసి ఉన్నదని నమ్మే విశ్వాసికి ఇది ఒక రకంగా మేలైన పద్ధతి.

పటమటలోని మా ఇంట ఇటీవల ఇటువంటి యంత్రం ఒకటి అమరింది. మా పెద్దబ్బాయి భవనాల నమూనాలకు త్రీడీ చిత్రాలు తయారుచేసే పని నేర్చుకొని ఇంటి నుంచే చేస్తున్నాడు. పాత ల్యాప్‌టాప్‌లో ఒక్క చిత్రం పూర్తి కావడానికి రాత్రంతా పట్టేది. ఉదయానికి ఇస్తానన్న పని సాయంత్రానికి గాని అందేది కాదు. చేతికి వచ్చే ఆదాయం కన్నా, ఇచ్చిన మాట తప్పవలసి రావడమే ఇంటిల్లిపాదినీ ఎక్కువగా బాధించింది. కంప్యూటర్ అవసరం అక్కడ మొదలైంది.

పనిముట్టా, వినోదమా?

హజ్రత్ అనస్ (రజి) ద్వారా సుననె అబూదావూద్‌లో ఉల్లేఖించబడిన ఒక సంఘటన మనకు తెలిసిందే. సహాయం అడుగుతూ వచ్చిన ఒక అన్సారీ సోదరుని ఇంట్లో ఉన్న కంబళిని, పాత్రను దైవప్రవక్త (స) తెప్పించి, రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం కొనమన్నారు. రెండో దిర్హముతో గొడ్డలి కొని తెమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి అమర్చి, అడవికి వెళ్ళి కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తరువాత ఆయన పది దిర్హములతో తిరిగివచ్చాడు.

ఈ ఉదంతంలో మనం గమనించవలసిన వరుస ఒకటి ఉన్నది. ముందు ఇంటివారి ఆకలి, ఆ తరువాత పనిముట్టు. పనిముట్టు కోసం ఇంటివారిని పస్తులు ఉంచలేదు. ఆకలి తీరింది గదా అని పనిముట్టును వాయిదా వేయనూ లేదు. మేము ఖర్చు లెక్క వేసుకున్నప్పుడు ఈ వరుసనే పాటించదలచాం. అమ్మాయి కళాశాల రుసుము, నెలసరి సరుకులు, పెద్దవారి మందులు తీసి పక్కన పెట్టిన తరువాతే కంప్యూటర్ మాట ఎత్తుకున్నాం.

‘వడ్డీ లేని’ వాయిదాల లోగుట్టు

యంత్రానికి అయిన మొత్తం 1,20,000 రూపాయలు. ఈ సంఖ్య వినగానే ఏ దుకాణంలోనైనా వచ్చే మొదటి సలహా వాయిదాల పద్ధతి. దానికి ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని అందమైన పేరు. పేరు విని మోసపోరాదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు పంపిన సర్క్యులర్‌లోనే సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని, అటువంటి పథకాలలో వడ్డీ మరొక పేరుతో దాగి ఉంటుందని తేల్చి చెప్పింది. క్రెడిట్ కార్డు మీద తీసుకునే ఈ వాయిదాలలో సాధారణంగా జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ లెక్క కడుతూనే ఉంటుంది. అమ్మేవారు అంత మొత్తాన్ని ముందుగా ధరలో తగ్గించి చూపుతారు. బ్యాంకు లెక్కలో నమోదైన వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కొనేవారి మీదే పడుతుంది. సూరా బఖరా 275 నుంచి 279 వరకు గల ఆయతులలో వడ్డీ గురించి ఎంత కఠినమైన హెచ్చరిక ఉన్నదో ఎరిగినవారు, ఇటువంటి కాగితం మీద సంతకం పెట్టేముందు తమ ప్రాంతంలోని ఆలిములను సంప్రదించడం ఎంతైనా అవసరం.

మేము నెలకు 6,000 చొప్పున 14 నెలలు కూడబెట్టాం. 84,000 సమకూరాయి. మిగిలిన 36,000 మా అన్నగారు ఖర్జె హసనాగా ఇచ్చారు. సొంత అన్నదమ్ముల మధ్య కాగితాలు ఎందుకని కొందరు బంధువులు నవ్వారు. కాని దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, సూరా బఖరా 282, రుణాన్ని వ్రాసి పెట్టుకోవడం గురించే అవతరించింది. నెలకు 4,000 చొప్పున తొమ్మిది నెలలలో తీరుస్తామని వ్రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించాం. కాగితం ఉన్నందువల్ల వాయిదా తేదీ గురించి ఎవరూ ఎవరినీ గుర్తు చేయవలసిన పని లేదు. ప్రేమ చెడలేదు సరిగదా, నిశ్చింత పెరిగింది.

ఇక్కడ జకాత్ సంగతి కూడా చెప్పుకోవాలి. వాడుకునే కంప్యూటర్ మీద, వృత్తి పనిముట్టు మీద జకాత్ లేదు. కాని దాన్ని కొనడానికి కూడబెడుతున్న సొమ్ము మన మిగతా పొదుపుతో కలిసి నిసాబ్ పరిమాణాన్ని అందుకొని, చాంద్రమాన సంవత్సరం గడిస్తే, దాని మీద రెండున్నర శాతం జకాత్ విధి అవుతుంది. కంప్యూటర్ కోసం దాచినది గదా అని దాన్ని లెక్క నుంచి తప్పించరాదు.

ఏ భాగం ఎందుకు?

త్రీడీ చిత్రాల పనిలో భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. గోడలు, ఫర్నిచర్, చెట్లు, వెలుతురు కలిసిన దృశ్యమంతా ఆ కార్డు సొంత మెమరీలో ఇమడాలి. ఇమడకపోతే పని నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. అందువల్ల 16 జీబీ మెమరీ గల కార్డు తీసుకున్నాం. మొత్తం ఖర్చులో మూడో వంతుకు పైగా దానికే వెళ్ళింది. ఈ ఖర్చుకు జవాబు ఉన్నది. ఒక్క ఉత్తరాలు టైపు చేసుకునే ఇంట అదే కార్డు కొంటే జవాబు ఉండదు. దుబారా అంటే ధర ఎక్కువ కావడం ఒక్కటే కాదు, ఆ ధరకు తగిన పని లేకపోవడం కూడా.

ర్యామ్ 32 జీబీ వేయించాలని మొదట అనుకున్నాం. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కనుక 16 జీబీ ముక్క ఒకటి వేయించి, పక్క స్లాటును ఖాళీగా ఉంచాం. రెండు ముక్కలు జతగా ఉంటే వేగం కొంత ఎక్కువగా ఉంటుంది. ఆ కొంత వేగం కోసం అప్పు పెంచడం మాకు సమంజసంగా తోచలేదు. స్తోమత కలిగినప్పుడు రెండోది చేర్చుకోవచ్చు. కట్టించుకున్న యంత్రంలోని సౌలభ్యం ఇదే.

రంగురంగుల దీపాలు, గాజు తలుపు గల క్యాబినెట్లు దుకాణంలో కళ్ళను లాగుతాయి. మేము ముందు భాగమంతా సన్నని జాలీ ఉన్న సాదా క్యాబినెట్ ఎంచుకున్నాం. మే నెలలో విజయవాడ ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు యంత్రానికి కావలసింది గాలి, దీపాలు కావు. అక్కడ మిగిలిన సొమ్మును నాణ్యమైన పవర్ సప్లయ్ మీద పెట్టాం. అది క్యాబినెట్‌లో కనిపించని మూల ఉంటుంది. అయితే అది నాసిరకమైతే పాడైపోతూ మిగిలిన భాగాలను కూడా పాడుచేయగలదు. గాలివాన వస్తే కరెంటు పోయే మన ఊళ్ళలో యూపీఎస్, సరైన ఎర్తింగ్ కూడా తప్పనిసరి.

కరెంటు ఖర్చును కూడా ముందే లెక్క కట్టాం. పూర్తి భారంతో నడిచేటప్పుడు దాదాపు 400 వాట్లు, రోజుకు ఐదు గంటలు అనుకుంటే రోజుకు రెండు యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. శ్లాబు మారితే యూనిట్ ధర కూడా మారుతుంది. ఈ మొత్తాన్ని అబ్బాయి తన సంపాదన నుంచే ఇంటి ఖర్చుకు జమ చేస్తున్నాడు.

బిల్లు, సాఫ్ట్‌వేర్

విడిభాగాల కోసం తిరిగినప్పుడు ఒక దుకాణదారు, బిల్లు వద్దంటే జీఎస్టీ మేరకు ధర తగ్గిస్తానన్నాడు. వేలకు వేలు ఖరీదు చేసే సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితంగా ఎక్కించి ఇస్తానని కూడా ఆశ చూపాడు. రెండింటికీ వద్దన్నాం. కొంత సొమ్ము అదనంగా పోయిన మాట నిజం. కాని ప్రజలకు చెందవలసిన పన్నును ఎగ్గొట్టి కొన్న పనిముట్టుతో ధర్మసమ్మతమైన జీవనోపాధిని ఎలా వెదకగలం? పైగా కట్టించుకున్న యంత్రంలో ప్రతి భాగానికీ వేర్వేరు వారంటీ, వేర్వేరు సీరియల్ నంబరు ఉంటాయి. బిల్లు లేకపోతే రేపు ఏదైనా చెడినప్పుడు అడిగే హక్కు పోతుంది.

అమ్మేవారి బాధ్యత కూడా ఉన్నది. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూసి, వ్యాపారిని మందలించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. వాడిన గ్రాఫిక్స్ కార్డును తుడిచి కొత్త పెట్టెలో పెట్టి అమ్మడం ఆ తడి ధాన్యంతో సమానమే. మన యువకులు ఎందరో ఈ వ్యాపారంలో ఉన్నారు. వారు దీన్ని మరువరాదు.

అక్రమ నకళ్ళ విషయంలో, ‘కంపెనీ విదేశాలది, దానికేం నష్టం’ అనే మాట తరచుగా వింటాం. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన సమావేశంలో గ్రంథరచన, ఆవిష్కరణ వంటి మేధో హక్కులు షరీఅత్ ప్రకారం రక్షణ గలవని, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. అయితే ధర్మమార్గం ఎప్పుడూ ఖరీదైనదే కానక్కరలేదు. త్రీడీ పనికి వాడే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. 2002లో దాన్ని వాడేవారు, అభిమానులు చందాలు వేసుకొని లక్ష యూరోలు సమకూర్చి, దాని మూలాన్ని లోకానికంతటికీ విడుదల చేయించారు. వక్ఫ్ అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ భావన కొత్తది కాదు. ఉత్తరాలకు లిబ్రేఆఫీస్, తెలుగు అక్షరాలకు మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు ఉండనే ఉన్నాయి.

ఇంట్లో దాని స్థానం

కంప్యూటర్‌ను మేము హాలులో, తెర అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టాం. ఇది పిల్లల మీద అనుమానంతో చేసిన పని కాదు. ఒంటరి గదిలో కలిగే ప్రలోభం పెద్దలకూ తప్పదు. నేల మీద ఉంచకపోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలో రోజుల తరబడి నీరు నిలిచినప్పుడు కింద అంతస్తుల సామగ్రి ఏమైందో ఈ నగరంలో అందరూ చూశారు. అందుకే పని నకలును వేరే హార్డ్ డిస్కులో తీసి, మా అన్నగారింట భద్రపరుస్తున్నాం. ఇతరులు అప్పగించిన పని మన దగ్గర అమానత్.

ఆటల గురించి ఇంటిల్లిపాదీ కూర్చొని మష్వరా చేసుకున్నాం. పండుగనాడు మస్జిద్‌లో హబ్షీల ఈటెల విన్యాసాన్ని హజ్రత్ ఆయిషా (రజి) చూసేందుకు దైవప్రవక్త (స) స్వయంగా అవకాశమిచ్చారు. వినోదం నిషిద్ధమని మేము పిల్లలకు చెప్పలేదు. నమాజు వేళ తెర ఆగాలి. పని ఉన్నప్పుడు పనికే ముందు చోటు. డబ్బు పందెంగా పెట్టే ఆటలు మాత్రం ఎన్నడూ కూడవు. జూదాన్ని ఖుర్ఆన్ నిషేధించింది. 2025 ఆగస్టులో మన దేశ పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంటర్ చదివే అమ్మాయికి వేరే అకౌంటు, రోజూ రెండు గంటల సమయం కేటాయించాం. సంపాదించేవాడు అన్న కనుక యంత్రమంతా అతనిదే అనే మాట ఇంట్లో పుట్టకూడదు.

పాత ల్యాప్‌టాప్‌ను పారవేయలేదు. అందులోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు నిలిపివేసింది. అంతమాత్రాన యంత్రం చచ్చిపోదు. అందులోని సమాచారాన్ని పూర్తిగా తుడిచి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, మా వీధిలో డిగ్రీ చదివే ఒక అబ్బాయికి ఇచ్చాం. మా త్రీడీ పనికి చాలనిది అతని చదువుకు సరిపోయింది.

ప్రళయదినాన దాసుని పాదాలు కదలకముందే ఆయుష్షు దేనిలో గడిపావు, నేర్చిన విద్యను ఏమి చేశావు, ధనాన్ని ఎలా సంపాదించి దేనిపై ఖర్చు చేశావు, దేహాన్ని దేనికి అరగదీశావు అనే ప్రశ్నలు ఎదురవుతాయని తిర్మిజీలోని హదీసు తెలుపుతున్నది. ఒక కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఈ నాలుగింటినీ ఒకేసారి ఖర్చు చేస్తున్నాడు. బిల్లుల సంచిలో మేము ఒక కాగితం ఉంచాం. దాని మీద ఎడమవైపు భాగం పేరు, ధర. కుడివైపు అది ఎందుకన్నది వ్రాసి ఉన్నాయి. రెండో ర్యామ్ కోసం ఒక వరుస ఖాళీగా ఉంచాం. అన్నగారి బాకీ తీరిన తరువాతే దాన్ని నింపుతాం.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేసి, మన చేతిలోని పనిముట్లలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.